లంక బడికి సోలార్ పెట్టిస్తే నిలబడుద్దా?

లంక టీచర్: మా బడికి పంటు (పెద్ద పడవ) మీద గోదారి దాటి రావాలండి, వరదొస్తే కరెంటు నాలుగైదు రోజులు ఉండదు. పాత స్టూడెంట్లు డబ్బులేసుకుని సోలార్ పెడతామంటున్నారు. పసిఫిక్‌లో టొకెలావ్ అని మూడే మూడు పగడపు దీవులు, డీజిల్ మీద బతికేవి 2012లో సోలార్‌కి మారాయి, వాళ్లకైంది మనకెందుకవదు అంటారు కుర్రాళ్లు. ఏం చూసుకోవాలి?

అంతర్వేది గాలి: ప్యానెల్ సంగతొదిలేయండి సార్, పాతికేళ్లు ఉంటది. ముందు పోయేవి బోల్టులూ వైరు జాయింట్లూ. మా మేడ మీద మామూలు ఇనప స్టాండు వేశారు, రెండేళ్లకి గోటితో గీకితే పెచ్చులూడొచ్చింది, ఉప్పు గాలి మరి. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే అడగండి.

రాజోలు బాబాయ్: టొకెలావ్‌లో 4 వేల ప్యానెళ్లకి తోడు వెయ్యికి పైగా బ్యాటరీలు పెట్టారు, రాత్రికి దాచుకోవాలి కదా. మీరు లెడ్ యాసిడ్ బ్యాటరీలు కొంటే డిస్టిల్డ్ వాటర్ ఎవరు పోస్తారో ఇప్పుడే తేల్చుకోండి, సెలవుల్లో ఎండిపోతే అంతే సంగతులు. లిథియంకి ఆ గోల లేదు గానీ రేటు చూస్తే కళ్లు తిరుగుతాయ్. ఇంకోటి, 1986 గోదారి వరద ఎంతెత్తు వచ్చిందో ఆ గీత గోడ మీద ఉందా? బ్యాటరీలు దానికి పైనే.

లంక టీచర్: ఉందండి, కిటికీ పైఅంచు దాకా. అయితే అటక మీదే!