కొరాపుట్‌లో దొమ్మ రోగం: కావలసింది పోలీసు కాపలానా, పశువుల డాక్టరా?

జయపురం వాసి: దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్. జీవాయుధాలుగా వాడగల క్రిముల జాబితాలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ దీన్ని మశూచి, ప్లేగుల సరసన మొదటి వర్గంలో పెట్టింది. 2001లో అక్కడ ఉత్తరాల్లో పొడి రూపంలో వస్తే 22 మందికి సోకి ఐదుగురు చనిపోయారు. అదే క్రిమి మన జిల్లా మట్టిలో ఉంది. రోగం బయటపడిన ఊళ్ల పేర్లు పత్రికల్లో రాయడం ఆపి, అక్కడ కాపలా పెట్టాలంటాను. తప్పా?

సునాబెడ తాత: తప్పే తమ్ముడూ. ముప్పయ్యేళ్లు పశువులకు సూదులు వేసినవాణ్ని, చూసింది చెబుతాను. ఒక కొండ ఊళ్లో ఎద్దు రాత్రికి రాత్రి చచ్చింది. ముక్కులోంచి నల్లటి నెత్తురు, గడ్డకట్టలేదు. అలాంటి కళేబరాన్ని కోయకూడదు. నెత్తురుకు గాలి తగిలితే క్రిమి గట్టి బీజంగా మారి దశాబ్దాలు మట్టిలో ఉంటుంది. వాళ్లు కోసి పంచుకున్నారు. వారం తిరిగేసరికి ఒకామె బొటనవేలి మీద పుండు లేచి, నడుమ బొగ్గులా నల్లబడింది. నొప్పి లేదని పసుపు రాసుకుని ఊరుకుందట. పెన్సిలిన్‌తో మానింది. పూడ్చాల్సిందని నేను కేకలేస్తే ఆమె భర్త అడిగాడు: "పూడుస్తాం బాబూ, మళ్లీ ఎద్దునెవరిస్తారు?" అక్కడికి పోలీసును పంపితే ఇకమీదట ఏ పశువు చచ్చినా మనకు కబురు రాదు.

పర్లాకిమిడి మాస్టారు: దాపరికం ఏం చేస్తుందో 1979లో సోవియట్ నగరం స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో చూశాం. సైనిక కేంద్రం నుంచి ఈ క్రిమి గాలిలోకి లీకై కనీసం 66 మంది చనిపోతే, చెడిపోయిన మాంసం తిన్నారని సోవియట్ ప్రభుత్వం బొంకింది. 1992లో గాని రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఒప్పుకోలేదు. అక్కడ మాంసం కథ అబద్ధం, మన దగ్గర అదే నిజం! ప్రయోగశాలలో నమూనాలకు తాళం వేయండి, కాదనను. ఊరికి తాళమెందుకు?

జయపురం వాసి: మాస్టారూ, 1994లో ప్లేగు అనగానే సూరత్ నుంచి లక్షల మంది పారిపోలేదా? పత్రికలో పేరు పడిన ఊరి మేకను సంతలో ఎవరు కొంటారు? ఆ నష్టం మీరు భరిస్తారా?

సునాబెడ తాత: ఆ మాట నిజం, కాదనలేను. ఇది మనిషి నుంచి మనిషికి ప్లేగులా పాకదు. ఆ సంగతి వార్తలో ఎవరూ రాయరు, అదే నా కోపం. ఊరి పేరు పక్కనే పశువులకు టీకా ఎప్పుడు వేశారో కూడా వేయమనండి, సంతలో కొనేవాడికి అది చాలు. ఏటా వానలకు ముందే వేయాలి. ఇంతకీ మీ ఇంట్లో పశువులున్నాయా?

జయపురం వాసి: రెండు గేదెలు. టీకా సంగతి మాత్రం అడక్కండి తాతగారూ.