క్యాలెండర్‌లో వికీమీడియా ఫోటో వేస్తే పేజీ అంతా ఆ లైసెన్స్ కిందకే వస్తుందా?

విజయనగరంలో మాది చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్. ఒక బట్టల షాపు వాళ్లు గోడ క్యాలెండర్లు ఆర్డరిచ్చారు. మన కోట, శ్రీకూర్మం గుడి, శాలిహుండం బౌద్ధ స్తూపాల ఫోటోలు కావాలట. "గూగుల్లో ఉన్నాయి కదా, వేసేయండి" అంటారు షాపాయన. రేపు నోటీసొస్తే ప్రెస్సు పేరు కూడా అందులో ఉంటుందని ఆయనకి ఎవరు చెప్తారు!

బాగున్న ఫోటోలున్న ఒక సైట్ వాళ్లకి అనుమతి కోసం మెయిల్ పెట్టాను, జవాబు లేదు. తర్వాత, అందరూ వాడుకునేలా ఫోటోలు పెట్టే వికీమీడియా కామన్స్ సైట్‌లో సీసీ బై-ఎస్‌ఏ 4.0 (క్రియేటివ్ కామన్స్ వాళ్ల ఒక రకం) లైసెన్స్ ఉన్నవి దొరికాయి. వ్యాపారానికి వాడుకోవచ్చు, ఫోటో తీసినవాళ్ల పేరు, లైసెన్స్ లింకు వెయ్యాలి, మార్పులు చేసి పంచితే దాన్నీ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి అని ఉంది. పేరు వెయ్యడానికేం, తేదీల గళ్ల కింద చోటుంది. చిక్కల్లా ఆ మార్పుల దగ్గరే. మా డిజైనర్ ఆకాశం రంగు పెంచి, ఫోటో మీదే షాపు లోగో కలిపేశాడు. అదే లైసెన్స్ కింద ఇచ్చి, ఆ పేజీని ఎవరైనా కాపీ చేసుకోవచ్చంటే షాపు వాళ్లు ఒప్పుకోరు. ఫోటో తీసినాయనకి రాశాను, ఆ ఖాతా వాడకంలో ఉన్నట్టు లేదు.

ఫోటోని ఏమీ మార్చకుండా పైన ఉంచి, లోగో, తేదీలు కింద విడిగా వేస్తే లైసెన్స్ షరతు ఆ ఫోటో వరకే ఉంటుందా, పేజీ మొత్తానికీ వర్తిస్తుందా?