పాత 777లో పదహారు గంటలు: అమ్మానాన్నలకు ఎకానమీలో ఏ సీటు తీసుకోవాలి, ఏం సర్దాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 64, నాన్నకు 69. మా చెల్లెలి కాన్పుకు డల్లాస్ పోతా ఉండారు. చెన్నైలో ఎక్కి గల్ఫ్‌లో మారాలి. మొదటి విమానం నాలుగు గంటలు, రెండోది దాదాపు పదహారు. టికెట్లో రెండో విమానానికి '77డబ్ల్యూ' అని ఉంది. అది బాగా పాతదనీ, స్క్రీన్లు పనిచేయవనీ, సీట్లు అరిగిపోయుంటాయనీ కొందరు భయపెడుతున్నారు. నాన్నకు షుగర్, ఇన్సులిన్ మీద ఉండారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. విమానం మార్చుకునే వీల్లేదు. ఈ విమానంలోనే ఇబ్బంది లేకుండా ఎట్ట పంపాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1 (ఒంగోలు, విమాన నిర్వహణ ఇంజినీరు)

ముందు భయం సంగతి. 77డబ్ల్యూ అంటే బోయింగ్ 777-300ఈఆర్. 2004లో సర్వీసులోకి వచ్చిన రకం, ఇప్పటికీ చాలా సంస్థలకు దూరప్రయాణాల్లో ఇదే ప్రధానం. దీని స్థానంలోకి రావలసిన 777-9 2020లో అందాల్సింది, ఏళ్ల తరబడి వెనక్కి జరిగింది. అందుకే పాతవాటిని ఇంకా నడుపుతున్నారు.

విమానం బాడీ ఎంత అలసిందో లెక్కగట్టేది ఏళ్లతో కాదు, ఎన్నిసార్లు ఎగిరి దిగిందన్న దానితో. ఎగిరిన ప్రతిసారీ లోపల గాలి నింపుతారు, దిగేటప్పుడు వదులుతారు. ఆ ఉబ్బడం, తగ్గడం వల్లే లోహానికి అలసట. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా సంస్థ 737 పైకప్పు గాల్లోనే ఊడిపోయింది. దాని వయసు 19 ఏళ్లే, కానీ దీవుల మధ్య చిన్న చిన్న ట్రిప్పులు తిరిగి 89 వేలకు పైగా సార్లు ఎగిరింది. ఆ ప్రమాదం తర్వాతే పాత విమానాలకు ప్రత్యేక తనిఖీల పద్ధతి గట్టిపడింది. రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే ఎగిరే దూరప్రయాణపు 777కి ఇరవై ఏళ్లు నిండినా ఆ సంఖ్యలో చిన్న భాగమే ఉంటుంది. పైగా ఆరు నుంచి పదేళ్లకోసారి లోపలి సామానంతా ఊడదీసి, బాడీ మొత్తం పరీక్షించే పెద్ద చెక్ ఉంటుంది. కాబట్టి పాతదనం మీ అమ్మానాన్నలకు తెలిసేది రెక్కలోనో ఇంజన్లోనో కాదు. సీటులో, స్క్రీన్లో, టాయిలెట్లో తెలుస్తుంది.

ఎందుకంటే ఏది పాడైతే విమానం ఎగరకూడదో, ఏది పాడైనా ఎగరొచ్చో ఒక ఆమోదిత జాబితా ఉంటుంది. స్క్రీన్, చదువుకునే లైటు, వాలని సీటు, ఒకటి రెండు టాయిలెట్లు, ఇవన్నీ 'తర్వాత బాగుచేసుకోవచ్చు' అనే వరుసలోకి వస్తాయి. పాత విమానంలో ఇవి పేరుకుపోతాయి.

అందువల్ల చేయాల్సిన పని ఒకటుంది. సీట్లో కూర్చోగానే, విమానం తలుపు మూయకముందే, రెండు నిమిషాలు పరీక్షించమనండి. సీటు వెనక్కి వాలి, మళ్లీ నిటారుగా వచ్చి నిలుస్తోందా? బెల్టు బిగుస్తోందా? ట్రే కిందికి జారకుండా ఆగుతోందా? లైటు, పిలుపు బటన్ పనిచేస్తున్నాయా? కుషన్ తడిగా ఉందా? ఏది బాగాలేకపోయినా అప్పుడే సిబ్బందికి చెప్పాలి. తలుపు తెరిచి ఉన్నంతసేపు కింద ఇంజినీరు అందుబాటులో ఉంటాడు, ఖాళీ సీట్లు ఏవో కూడా అప్పుడే తేలుతాయి. మూశాక చెబితే రాసుకుంటారు, అంతే. నిటారుగా నిలవని సీటులో టేకాఫ్‌కు ఎవరినీ కూర్చోనివ్వరు. చివర్లో తెలిస్తే మీవాళ్లను మిగిలిన సీట్లలో చెరో మూలకూ పంపే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. పాత వ్యవస్థల్లో లైటు, పిలుపు బటన్ రెండూ స్క్రీన్‌కో చేతి రిమోట్‌కో కలిపి ఉంటాయి. స్క్రీన్ చచ్చిపోతే అవీ పోతాయి. ఒక్క సీటుది సిబ్బంది రీసెట్ చేయగలరు, తిరిగి లేవడానికి పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో బటన్లు నొక్కుతూ ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. రెండుసార్లు చేసినా రాకపోతే ఆ స్క్రీన్ మీద ఆశ వదులుకోవాలి. ఫోన్‌లో ముందే సినిమాలు, పాటలు, ప్రవచనాలు దింపి ఇవ్వండి.

జవాబు 2 (నెల్లూరు, టికెట్ల ఏజెంటు)

సీట్ల మాట నేను చెబుతాను.

777లో ఎకానమీ చాలా సంస్థల్లో 3-4-3, అంటే రెండు కిటికీల వైపూ మూడేసి, మధ్యలో నాలుగు సీట్లు. సీటు వెడల్పు దాదాపు 17 అంగుళాలు. ఇద్దరు పెద్దవాళ్లకు మూడు సీట్ల వరుసలో కిటికీ, మధ్య సీటు ఇస్తే ప్రతిసారీ మూడో మనిషిని లేపాలి. దానికి మొహమాటపడి నీళ్లు తాగడమే మానేస్తారు. నా సలహా: నాలుగు సీట్ల మధ్య వరుసలో నడవ పక్కది, దాన్ని ఆనుకున్నది. లేదా ఒకే వరుసలో నడవకు అటొకటి ఇటొకటి, రెండు నడవ సీట్లు. రెండోదే మేలు, ఎవరి దారి వారిది.

మూడో అవకాశం అందరికీ తెలియదు. 777-300ఈఆర్ తోక వైపు బాడీ సన్నబడుతుంది కాబట్టి చాలా సంస్థలు చివరి కొన్ని వరుసల్లో 2-4-2 వేస్తాయి. కిటికీ పక్క రెండే సీట్లు, గోడకూ సీటుకూ మధ్య ఒక సంచి పట్టే ఖాళీ. దంపతులకు బంగారం లాంటి సీట్లు. అయితే ఆఖరి వరుస మాత్రం వద్దు, వాలదు, టాయిలెట్ క్యూ నెత్తిమీదే. తోకలో కుదుపు కాస్త ఎక్కువ, శబ్దమూ ఎక్కువ. కుదుపుకు భయపడేవాళ్లయితే రెక్కల మీది వరుసలు చూసుకోండి.

గోడ ముందు వరుస చూసి మోజుపడొద్దు. ట్రే చెయ్యి ఆన్చే కర్రలో (ఆర్మ్‌రెస్ట్) ఉంటుంది కాబట్టి ఆ కర్ర పైకి లేవదు, సీటు ఇంకా ఇరుకు. ఉయ్యాలలు అక్కడే తగిలిస్తారు, పసిపిల్లలు పక్కనే. మందుల సంచి కూడా టేకాఫ్‌కు పైన పెట్టాల్సిందే. అత్యవసర ద్వారం వరుస వీల్‌చైర్ అడిగినవాళ్లకు ఇవ్వరు.

పాత సీట్లలో కాళ్ల దగ్గర ఒక ఇనుప పెట్టె ఉంటుంది, స్క్రీన్ తాలూకు కరెంటు పెట్టె. మూడు సీట్లకు ఒకటో రెండో. సీటు మ్యాప్‌లో 'కాళ్ల దగ్గర అడ్డం' అన్న గుర్తు ఉంటే అమ్మకు ఆ సీటు వద్దు, మోకాలు చాపుకోలేరు.

సీటుకు డబ్బు కట్టినా అంతటితో అయిపోదు. విమానం మారితే సీట్లు తారుమారవుతాయి. బయల్దేరడానికి మూడు రోజుల ముందు ఒకసారి, 24 గంటల ముందు ఇంకోసారి బుకింగ్ తెరిచి విమానం రకం, సీటు నంబరు చూడండి. 77డబ్ల్యూ బదులు 388 అని వస్తే ఎయిర్‌బస్ ఏ380, 359 అని వస్తే ఎయిర్‌బస్ ఏ350. రెండూ మీ అదృష్టమే.

వీల్‌చైర్ 48 గంటల ముందే రాయించండి, రుసుము లేదు. అమ్మ నడవగలిగినా రాయించండి. గల్ఫ్‌లో టెర్మినల్ దూరాలు పెద్దవి, మారే సమయం తక్కువ. భోజనం కూడా అప్పుడే: శాకాహారానికి ఏవీఎంఎల్, షుగర్ వాళ్లకు డీబీఎంఎల్ అని కోడ్‌లు. ఒక మనిషికి ఒకటే పెట్టుకోగలం.

కందుకూరు నుంచి ఉప ప్రశ్న

పవర్ బ్యాంక్ తీసుకుపోవచ్చా? ఇంట్లో 20,000ది ఉంది. పచ్చళ్లు?

జవాబు 1 మళ్లీ (ఒంగోలు)

20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగించండి, 74 వాట్-అవర్లు. హద్దు 100 కాబట్టి సరిపోతుంది. చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేస్తే పెట్టె ఆపేస్తారు. కానీ తీసుకెళ్లడం వేరు, వాడడం వేరు. ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడకం పూర్తిగా నిషేధించింది, మనిషికి ఒకటే అనుమతి. మిగతా సంస్థలూ ఒక్కొక్కటే బిగిస్తున్నాయి. మీ సంస్థ నిబంధన చూసుకోండి. ఇంటి దగ్గరే ఫోన్లు నిండుగా ఛార్జి చేసి పంపండి. పాత సీట్ల యూఎస్‌బీ చాలా నెమ్మది. సినిమా చూస్తూ ఛార్జి పెడితే శాతం పెరగదు, పడిపోకుండా ఆగుతుంది అంతే. ప్లగ్ సాకెట్లు అరిగి వదులుగా ఉంటాయి, మన గుండ్రటి పిన్నులు జారిపోతాయి. చపటి పిన్నుల అడాప్టర్ ఒకటి పెట్టండి. సాకెట్ ఆగిపోతే తీసి, కాస్త ఆగి మళ్లీ పెట్టాలి.

హెడ్‌ఫోన్‌కు పాత స్క్రీన్లలో బ్లూటూత్ ఉండదు. వైరుది, 3.5 ఎంఎం పిన్నుది కావాలి. కొన్నింట్లో రెండు పిన్నుల రంధ్రం ఉంటుంది, దానికి చిన్న అడాప్టర్ దొరుకుతుంది. స్క్రీన్ చూడకపోయినా చెవుల్లో నురుగు ప్లగ్గులు పెట్టుకోమనండి. పదహారు గంటల ఇంజన్ హోరు తగ్గితే అలసటలో చాలా భాగం తగ్గుతుంది.

పచ్చళ్లన్నీ లగేజీలోనే. ఆవకాయైనా రొయ్యల పచ్చడైనా నూనె ఉన్నది చేతి సంచిలో పెడితే ఆపుతారు. కోడి, మేక మాంసం పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు, ఆశపడి పెట్టొద్దు. ఎండుకొబ్బరి చిప్పలు లగేజీలో వేయొద్దు. నూనె శాతం ఎక్కువ, మంటకు ఆస్కారమని నిషేధం. దారిలో తినడానికి చపాతీలు, ఏదైనా పొడి స్వీటు చాలు. మిగిలితే దిగేముందే పారేయాలి.

టాయిలెట్ గురించి పెద్దవాళ్లకు విడిగా చెప్పండి. అది నీళ్లతో కొట్టుకుపోయేది కాదు, గాలి పీల్పుతో పనిచేసేది. ఎత్తులో లోపలికీ బయటికీ ఉన్న పీడన తేడాయే లాగుతుంది. గొట్టం సన్నం. తడి తుడుపు కాగితం, గుడ్డ, ప్లాస్టిక్ సంచి వేస్తే ఆ గొట్టం మీదున్న టాయిలెట్లన్నీ ఆగిపోతాయి. 2025 మార్చిలో చికాగో నుంచి ఢిల్లీకి బయల్దేరిన 777 ఇదే కారణంతో దారి మధ్యలోంచి వెనక్కి తిరిగి చికాగోలోనే దిగింది. గొట్టాల్లో గుడ్డలు, పాలిథిన్ సంచులు దొరికాయి. పాత విమానంలో ఒకటి రెండు ముందే మూసి ఉంటాయి కాబట్టి భోజనం బండి వచ్చేముందే లేచి వెళ్లి రమ్మనండి. ట్రేలు తీశాక క్యూ ఉంటుంది.

జవాబు 3 (గూడూరు, ఫిజిషియన్)

పాత అల్యూమినియం బాడీ విమానాల్లో లోపలి గాలి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచగా ఉండొచ్చు, ఊటీ కంటే కాస్త ఎత్తు. కొత్త రకాలైన బోయింగ్ 787, ఏ350ల్లో ఇది దాదాపు 6,000 అడుగులు. గాలిలో తేమ కూడా 20 శాతం లోపే. ఊపిరితిత్తుల జబ్బు, ఈమధ్య గుండెపోటు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఎక్కకూడదు. మిగతావాళ్లకు నోరు, ముక్కు ఎండడం, తలనొప్పి, కాళ్ల వాపు. గంటకో గ్లాసు నీళ్లు. చేతి సంచిలో ఖాళీ సీసా పెట్టుకుని తనిఖీ దాటాక నింపుకోవాలి.

నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాళ్ల రక్తనాళాల్లో గడ్డ కట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుంది. అసలు అవకాశం చిన్నదే, కానీ ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్లకు, క్యాన్సర్, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లకు పెద్దది. అరగంటకోసారి కూర్చునే మడమలు పైకెత్తి దించడం ముప్పైసార్లు, రెండు గంటలకోసారి నడవడం. చీలమండ దగ్గర 15–30 ఎంఎంహెచ్‌జీ పీడనం ఇచ్చే మోకాలి కింది సాక్సులు మంచివి. కొలత ఉదయం వాపు రాకముందు తీయాలి. మీ నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి పాదాల్లో రక్తప్రసరణ చూపించుకోకుండా ఆ సాక్సులు వేయొద్దు. నాళాలు మూసుకుని ఉంటే చెడు చేస్తాయి. గడ్డ కట్టకుండా అని సొంతంగా ఆస్పిరిన్ వేయొద్దు. నిద్రమాత్ర అసలొద్దు, పది గంటలు కదలకుండా పడుకుంటారు.

ఇన్సులిన్ చేతి సంచిలోనే. లగేజీలో గడ్డకట్టి పాడవుతుంది. రెండు సంచుల్లో సగం సగం పెట్టండి, డాక్టరు చీటీ మీద మందుల అసలు (జెనరిక్) పేర్లు రాయించండి. భోజనం ముందు వేసుకునే ఇన్సులిన్ ట్రే ఎదురుగా వచ్చాకే వేసుకోవాలి. బండి కదిలిందని ముందే వేసుకుంటే, ఆ వేళకే కుదుపులొచ్చి వడ్డన ఆగితే షుగర్ పడిపోతుంది. పీడన తేడాకు పెన్నులో గాలి బుడగ వస్తుంది, ప్రతిసారీ రెండు యూనిట్లు బయటికి వదిలి చూసుకోవాలి. పడమటికి పోతే రోజు సాగుతుంది కాబట్టి రోజుకొక్కసారి వేసే ఇన్సులిన్ ఏ వేళకు వేయాలో ముందే ఆయన డాక్టరుతో గంటలతో సహా కాగితం మీద రాయించుకోండి. జేబులో గ్లూకోజ్ బిళ్లలు.

కావలి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. రెండు నడవ సీట్లే తీసుకుంటాను. చివరి అనుమానం: ఇన్ని చెప్పినా సీటు పాడైతే సంస్థ ఏమైనా ఇస్తుందా? చెన్నైకి ఎట్ట పోవడం మేలు?

జవాబు 2 మళ్లీ (నెల్లూరు)

స్క్రీన్ పనిచేయలేదంటే చట్టప్రకారం వచ్చే పరిహారం ఏమీ లేదు. కానీ డబ్బు కట్టి ఎంచుకున్న సీటు ఇవ్వకపోతే ఆ రుసుము వాపసు అడగొచ్చు. పాడైన చోట ఫోటో తీయమనండి, సిబ్బంది లాగ్‌లో రాశారో లేదో అడగమనండి, బోర్డింగ్ పాసు పారేయొద్దు. దిగిన వారంలోపు సంస్థకు రాయండి. జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవా పోర్టల్, ఆపైన వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, మీవాళ్లయితే నెల్లూరులోనే. పెట్టె విరిగితే 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందినప్పటి నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

చెన్నైకి, రాత్రి విమానమైతే కారే మేలు. నెల్లూరు నుంచే 175 కిలోమీటర్ల దాకా ఉంది, ఎన్‌హెచ్ 16 బాగుంటుంది, తడ దాటాక నగరంలోకి వెళ్లేదే ఆలస్యం. కావలి నుంచి ఆరు గంటలు చేతిలో పెట్టుకోండి, కౌంటరు దగ్గర మూడు గంటలు. పగటి విమానమైతే రైల్లో సెంట్రల్ దిగి, మెట్రోలో నేరుగా ఎయిర్‌పోర్టుకు. రాత్రి 11 తర్వాత మెట్రో ఉండదని గుర్తుంచుకోండి.

జవాబు 1 (ఒంగోలు)

ఒకటి మరిచాను. నడవ పక్క చెయ్యి ఆన్చే కర్ర ఎత్తితే రాదు. కానీ చాలా సీట్లలో ఆ కర్ర వెనక చివర, కీలు కింద చిన్న గుంట లాంటి మీట ఉంటుంది. వేలితో అది నొక్కి ఎత్తితే లేస్తుంది. అమ్మకు మోకాళ్లు వంచకుండా పక్కకు తిరిగి లేవొచ్చు. వెతుక్కోలేకపోతే సిబ్బందిని అడగమనండి, టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు మాత్రం కిందికి దించి ఉంచాలి.