ఎర్ర కాంతి ఎంతసేపు వేసినా సోడియం నుంచి ఎలక్ట్రాన్ ఎందుకు రాదు?

ప్రశ్న (ఇంటర్ రెండో సంవత్సరం, కర్నూలు):
మా మిద్దె మీద బేతంచెర్ల బండలు ఉన్నాయి. పొద్దున ఏడింటికి చల్లగా ఉంటాయి, ఒంటిగంటకు చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. ఎండ కొంచెం కొంచెంగా బండలో జమ అయినట్టే కదా? కాంతి పడితే లోహాల నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయని చదివాం, మరి సోడియం మీద ఎర్ర కాంతి గంటల తరబడి వేసినా ఒక్క ఎలక్ట్రాన్ కూడా రాదంటారు. అది కూడా బండలాగా శక్తి కూడబెట్టుకుని బయటికి రావచ్చు కదా? క్లాసులో అడిగితే సమీకరణం రాస్తే మార్కులు వస్తాయన్నారు. సమీకరణం వచ్చు. ఇదొక్కటే అర్థం కాక రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

జవాబు (రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, అనంతపురం):
అమ్మా, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. కాంతి తీవ్రత పెంచితే ఎలక్ట్రాన్లు ఎక్కువ వస్తున్నాయి గానీ వాటి గరిష్ఠ వేగం పెరగడం లేదని 1902లో జర్మన్ శాస్త్రవేత్త లెనార్డ్ చూశాడు. 1905లో ఐన్‌స్టీన్ దానికి కారణం చెప్పాడు: కాంతి శక్తినిచ్చేది మూటలుగా, ఒక ఎలక్ట్రాన్‌కు ఒక మూట. ఆ మూటనే ఫోటాన్ అంటాం.

మా ఊరి చేదబావిని తలుచుకో. నీళ్లు 23 మూరల లోతున ఉన్నాయి. నీ చేతిలో 18 మూరల తాడుంది. అలాంటి తాళ్లతో ఊరంతా వచ్చి చేదలు వేసినా ఒక్క చేద కూడా తడవదు. సోడియం పని ప్రమేయం, అంటే ఎలక్ట్రాన్ బయటపడటానికి కావాల్సిన కనీస శక్తి, సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న శక్తులను కొలిచే ప్రమాణం), 700 నానోమీటర్ల ఎర్ర ఫోటాన్ దగ్గర ఉన్నది దాదాపు 1.8. అదే 450 నానోమీటర్ల నీలం తెస్తే 2.75. ఎంత మసక వెలుగైనా ఎలక్ట్రాన్ వెంటనే వస్తుంది, మిగిలిన 0.45 దాని గరిష్ఠ గతిశక్తి. నీకు వచ్చన్న ఐన్‌స్టీన్ సమీకరణం చెప్పేది ఇదే.

ఇక నీ బండ. ఎర్ర కాంతికి సోడియం కూడా వేడెక్కుతుంది. అయితే ఎలక్ట్రాన్ తనకు అందిన 1.8ని దగ్గర ఉంచుకోదు. సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా గడవకముందే చుట్టుపక్కల పంచేస్తుంది. రెండో ఫోటాన్ వచ్చేసరికి మళ్లీ మొదటికే. అమెరికా శాస్త్రవేత్త మిలికన్ ఈ మూటల మాట నమ్మలేక ఏళ్ల తరబడి కొలిచాడు. 1916లో ఆయన లెక్కలే ఐన్‌స్టీన్ సమీకరణాన్ని నిలబెట్టాయి. నాకు ఎప్పటికీ ఇష్టమైన కథ ఇది.

జవాబు (బీఎస్సీ, కడప):
సార్, రెండు తాళ్లు ముడి వేస్తే?

జవాబు (లెక్చరర్):
వేయొచ్చు నాయనా. రెండు ఫోటాన్లను ఒకేసారి తీసుకోవచ్చని 1931లోనే మరియా గోపెర్ట్ మేయర్ లెక్కగట్టింది. కానీ అవి దాదాపు ఒకే క్షణంలో చేరాలి, మామూలు దీపానికి అంత బలం లేదు. లేజర్ వచ్చాక 1961లో ప్రయోగంలో చూశారు.

జవాబు (సోలార్ టెక్నీషియన్, ఓర్వకల్లు):
మా ప్యానెళ్లలో సిలికాన్‌కు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, అందుకే ఎర్ర కాంతి కూడా పనికొస్తుంది. ఎలక్ట్రాన్ బయటికి ఎగిరిపోదు, లోపలే కదులుతుంది. చెల్లీ, నీ బండ వేడెక్కినట్టే ప్యానెలూ వేడెక్కుతుంది, దానివల్ల మాకు నష్టమే. డిగ్రీకి దాదాపు 0.4 శాతం పవర్ తగ్గుతుంది. మే నెలలో మీటర్ చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న అడిగిన అమ్మాయి:
సార్, 1240ని ఎలక్ట్రాన్ వోల్టులతో భాగిస్తే ఫోటాన్ తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వస్తుంది కదా, 2.3తో భాగిస్తే 539 వచ్చింది. అంటే సోడియానికి ఆకుపచ్చ దాకా సరిపోతుంది, పసుపుతో రాదు. సరేనా?