డెలివరీ వాళ్లకు గేటు దగ్గర మజ్జిగ: వాళ్ల కోసమా, మన కోసమా?

మణికొండ పిన్ని:
మాది హైదరాబాద్ మణికొండలో 84 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఎండలు ముదిరాయని మా కిట్టీ వాళ్లం నలుగురం గేటు పక్కన వేపచెట్టు కింద బల్ల వేశాం. రంజన్‌ (మట్టికుండ)లో నీళ్లు, పన్నెండు నుంచి మూడు దాకా మజ్జిగ. డెలివరీ పిల్లలు, పనివాళ్లు, చెత్త ఆటో అతను, ఎవరైనా తాగొచ్చు. రోజుకు మూడు లీటర్ల పెరుగు, అల్లం, కరివేపాకు, చిటికెడు ఇంగువ. మొన్న మీటింగులో ఒకాయన లేచి "ఇదంతా మీ సంతోషం కోసం చేసుకుంటున్నారు, వాళ్ల కోసం కాదు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సరే, నా సంతోషం కోసమే అనుకోండి. గ్లాసు ఖాళీ అవుతోందా లేదా? ఇందులో తప్పేముందో చెప్పండి.

కోఠి పాతకాపు:
తప్పేం లేదమ్మా. చలివేంద్రం పెట్టినవాణ్ణి ఎందుకు పెట్టావని మన దగ్గర ఎవరూ అడగలేదు. శ్రీరామనవమి శోభాయాత్ర రోజు సీతారాంబాగ్ నుంచి కోఠి వైపు నడిచి చూడండి, పిలిచి మరీ చేతిలో పెడతారు. ఇచ్చేవాడు లోపల పుణ్యం లెక్క వేసుకుంటే వేసుకోనీ.

అడ్డుపుల్ల:
మీ అపార్ట్‌మెంట్‌లో డెలివరీ వాళ్లు ఏ లిఫ్టు ఎక్కుతారో కూడా రాయండి.

మణికొండ పిన్ని:
సర్వీస్ లిఫ్టు. అది అసోసియేషన్ రూలు, నేను పెట్టింది కాదు.

అడ్డుపుల్ల:
అనుకున్నా. ఆ ఒక్క లిఫ్టులోనే గ్యాస్ సిలిండర్లు, సోఫాలు, చెత్త డబ్బాలు అన్నీ ఎక్కుతాయి. బిర్యానీ పట్టుకొచ్చినవాడు అది దిగేదాకా ఎదురుచూడాలి. పక్కన మీ లిఫ్టు ఖాళీగా తలుపు తెరుచుకుని ఉంటుంది. కింద మజ్జిగ పోస్తారు, లోపలికి రాగానే "ఇటు కాదు, అటు" అని వేలు చూపిస్తారు. మీ మంచితనం మీద నాకు అనుమానం లేదు పిన్నీ. కానీ మజ్జిగ పోశాం కదా అని మనసు తేలికపడిపోతుంది, రూలు గురించి మీటింగులో నోరెత్తాల్సిన అవసరం తీరిపోతుంది. నాకు నచ్చనిది అదే. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం గిగ్ వర్కర్లకు, అంటే ఇలా యాప్‌ల మీద పనిచేసేవాళ్లకు, 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో వాళ్ల కోసం ముసాయిదా బిల్లు పెట్టి జనం అభిప్రాయాలు అడిగింది. ఈ థ్రెడ్‌లో ఎంతమంది రాసి పంపారు? నేనైతే పంపలేదు, అది వేరే సంగతి.

నిజాంపేట్ మాస్టారు:
పంపకుండానే ఇంత కోపమా! బిల్లు వచ్చేదాకా దాహం ఆగుతుందా నాయనా? జీహెచ్‌ఎంసీ 5 రూపాయల భోజనం 2014లో మొదలైంది. దాంతో నగరంలో ఆకలి పోయిందా? పోలేదు. అలాగని ఆ కౌంటర్లు మూసేయమంటావా? మజ్జిగా ఉండాలి, లిఫ్టూ ఉండాలి. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం వాదన కాదు.

రెండు చక్రాలు:
అందరూ మా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రాస్తున్నా. మూడేళ్ల నుంచి కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఫుడ్ డెలివరీ చేస్తున్నా. మజ్జిగ ఇస్తే తాగుతా, నిజంగా బాగుంటుంది. ఎందుకు ఇస్తున్నారని ఎప్పుడూ ఆలోచించలేదు.

కానీ ఒకటి చెప్పాలి. పోయినేడు ఒక గేటు దగ్గర ఒక పెద్దాయన "ఆగు బాబూ, తాగి వెళ్లు" అన్నాడు. గ్లాసు చేతికిచ్చి, మనవణ్ణి పిలిచి, ఫోటో తీయమన్నాడు. పిల్లాడికి ఫోన్‌లో కెమెరా ఎక్కడుందో దొరకలేదు. "కొంచెం నవ్వు" అన్నాడు, నవ్వాను. ఒంటిగంట టైమ్, ఫోన్‌లో తర్వాతి ఆర్డర్ మోగుతూనే ఉంది. ఆ కస్టమర్ ఆలస్యమైందని ఒక స్టారే ఇచ్చాడు. పెద్దాయన చెడ్డవాడని కాదు. నాకు టైమ్ ఉందో లేదో ఒక్క మాట అడగాల్సింది.

ఇంకోటి. నీళ్లు తాగమని అందరూ అంటారు, ఆ తర్వాత ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పరు. అందుకే మాలో చాలామంది మధ్యాహ్నం కావాలనే తక్కువ తాగుతాం.

మంచి చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఒకసారి కొండాపూర్‌లో ఆరో అంతస్తు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఒకామె. చంకలో పసిబిడ్డ, తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టింది, ఓటీపీ అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. ప్యాకెట్ తీసుకుని కాలు తీసేసింది. నేను అదే లిఫ్టులో దిగిపోయా. ఆమె మొహం గుర్తు లేదు, అరచేయి గుర్తుంది.

అత్తాపూర్ అమ్మాయి:
బాత్రూమ్ మాట ఎవరూ ఎత్తరనుకున్నా. నేను ఇళ్లకు వెళ్లి బ్యూటీ సర్వీస్ చేస్తా. రెండేళ్లలో ఒక్క ఇంట్లోనే వాళ్లంతట వాళ్లు "బాత్రూమ్‌కి వెళ్తావా అమ్మా" అని అడిగారు. టీ మాత్రం చాలా ఇళ్లలో ఇస్తారు.

కోఠి పాతకాపు:
ఇన్నేళ్లుగా చలివేంద్రాల్లో నీళ్లు పోస్తున్నా. ఈ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

మియాపూర్ ట్రెజరర్:
నేను మా అసోసియేషన్‌లో లెక్కలు చూస్తా కాబట్టి చెడ్డపేరు నాకే రానీయండి. మా సెల్లార్‌లో డ్రైవర్ల బాత్రూమ్ ఉంది. ఏడాది పాటు అందరికీ తెరిచి ఉంచాం. కుళాయి రెండుసార్లు ఎత్తుకుపోయారు, కడగడానికి మనిషి రానన్నాడు. చివరికి తాళం వేశాం. మంచి చేద్దామని మొదలుపెట్టేది ఒకరు, రోజూ కడగాల్సింది ఇంకొకరు. ఆ ఇంకొకరికి జీతం ఎంత పెంచుతారో ముందు తేల్చి, అప్పుడు తాళం తీయండి.

అడ్డుపుల్ల:
ట్రెజరర్ గారితో నేను ఏకీభవించే రోజు వస్తుందనుకోలేదు.

నిజాంపేట్ మాస్టారు:
కుళాయి పోతే ప్లాస్టిక్‌ది పెట్టండి సార్, ఎవరూ ఎత్తుకుపోరు. మా ట్యూషన్ దగ్గర అదే చేశా.

మణికొండ పిన్ని:
ఆదివారం మీటింగ్ అయింది, అందుకే ఆలస్యంగా రాస్తున్నా. లిఫ్టు విషయం ఓడిపోయా. వచ్చే నెల మళ్లీ ఎత్తుతా, ఈసారి పదకొండు మంది నా వైపు ఉన్నారు. బాత్రూమ్‌కి మాత్రం ఒప్పుకున్నారు. కడిగే ఆమెకు నెలకు వెయ్యి ఎక్కువ, అది మా నలుగురం వేసుకుంటాం. మజ్జిగ ఇప్పుడు మూత ఉన్న పేపర్ గ్లాసుల్లో పోసి పెడుతున్నాం. ఎవరూ నిలబడి తాగక్కర్లేదు, పట్టుకుని వెళ్లిపోవచ్చు.

ఒక్కటే తేలలేదు. బాత్రూమ్ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుందట, కావాల్సినవాళ్లు అడిగి తీసుకోవాలట. రెండు చక్రాలు బాబూ, నువ్వు చెప్పు, మీరు అడుగుతారా?

రెండు చక్రాలు:
అడగం ఆంటీ.