కాకి వాలిందా, కాకులు వాలాయా?

నమస్కారమండీ. టాబ్లెట్‌లో జపాన్ సిరా బొమ్మల తరహాలో ఒక ఎండుకొమ్మ గీశాను. వెనక ఎర్ర సూర్యుడు. పక్కన జపాన్ కవి బషో (1644–1694) హైకూ, అంటే మూడు పాదాల చిన్న కవిత, తెలుగులో రాయాలని ఉంది. మూలం: "కరె ఎదా నీ / కరాసు నో తొమారికెరి / అకీ నో కురే". నేను రాసుకున్నది: "ఎండుకొమ్మ మీద / కాకి వాలింది / శరత్కాలపు సాయంత్రం". సరిపోతుందా? ఇలా బొమ్మా హైకూ కలిసినదాన్ని తెలుగులో ఏమనాలి?

— హైగా అంటారండీ. 'గా' అంటే చిత్రం. బుసోన్ ఇందులో దిట్ట, కవీ ఆయనే, చిత్రకారుడూ ఆయనే. 'చిత్ర హైకూ' అంటే ఏదో బొమ్మ తెచ్చి అతికించినట్టుంది. హైకూని హైకూ అనే అంటున్నాం కదా, హైగా అనే ఉంచేద్దాం. అసలు చిక్కు 'కురే'తో. పొద్దుగూకడం అనీ అర్థమే, కాలం ముగియడం అనీ అర్థమే. సాయంత్రమా, శరత్తు చివరి రోజులా? మీ సూర్యుడు ఆ తగవు ముందే తీర్చేశాడు.

— 'వాలు' వాడి చూడండి. మనకి పిట్టా వాలుతుంది, పొద్దూ వాలుతుంది. "ఎండుకొమ్మ మీద కాకి / వాలుతున్న / శరత్తు".

— బాగుంది కానీ మాస్టారూ, ఆ చమత్కారం మీది, బషోది కాదు. మూలంలో రెండూ వేరు వేరు మాటలు. పైగా 'కరాసు' (కాకి) అన్న మాటకి ఏకవచనం, బహువచనం తేడా లేదు. ఈ హైకూకి వేసిన పాత చిత్రాల్లో ఒకదాంట్లో కాకి ఒక్కటే, ఇంకోదాంట్లో గుంపు! జపనీస్‌లో చెప్పకుండా ఊరుకోవచ్చు. తెలుగులో 'వాలింది' అన్నామంటే లెక్క తేలిపోయినట్టే. బొమ్మకీ అదే ఇబ్బంది.

— అయితే కాకిని గీయకండి. మాటల్లో ఉన్నదే మళ్లీ బొమ్మలో ఎందుకు? అన్నట్టు, జపనీస్‌లా అక్షరాలు నిలువుగా పేర్చొద్దు. వత్తులు, గుణింతాలతో మన లిపి షాపు బోర్డులా తయారవుతుంది.

— అందరికీ థాంక్సండీ. సూర్యుణ్ణి తీసేశాను. ఎరుపు కోసం మూలన చిన్న సంతకం ముద్ర పెట్టాను. కాకి లేదు, కొమ్మ మాత్రం కొంచెం వంగి ఉంది. 'సాయంత్రం' కొట్టేసి "శరత్తు వాలే వేళ" అని రాశాను. చమత్కారం అంటారేమో, ఉండనివ్వండి.