బుడిపెలు కట్టినా నత్రజని స్థాపన ఎందుకు జరగదు? రైజోబియం జన్యువుల గురించి ఒక సందేహం

ప్రశ్న – నల్లరేగడి

ప్రకాశం జిల్లాలోని మా చేలో శనగ వేశాం. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మార్చే (అంటే స్థాపించే) వేరు బుడిపెల బ్యాక్టీరియా రైజోబియం. దాని కల్చర్‌ను బెల్లం నీటిలో కలిపి గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తాం. ఇప్పుడు పైరు కాయ దశలో ఉంది. మొక్కలను మట్టితో సహా తవ్వి చూస్తే వేళ్లకు బుడిపెలు బాగానే ఉన్నాయి. కోసి చూసినప్పుడు మాత్రం కొన్నింటి లోపలే గులాబీ రంగు కనిపించింది. చిన్నవి చాలా వరకు తెల్లగా, పెద్దవాటిలో కొన్ని ఆకుపచ్చగా ఉన్నాయి.

నేను వ్యవసాయ సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్నాను. బుడిపెలు కట్టించే జన్యువులు ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే డీఎన్ఏ వలయం) మీదనో, క్రోమోజోమ్‌లో ఒదిగిన ‘సహజీవన ద్వీపం’ మీదనో ఉంటాయనీ, అవి ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి చేరగలవనీ పాఠంలో చెప్పారు. బుడిపె కట్టడం, నత్రజని స్థాపించడం ఒకే జన్యువుల పనేనా? కల్చర్‌లోని జన్యువులు మా నేలలో ముందునుంచీ బతుకుతున్న బ్యాక్టీరియాకు చేరితే, స్థానిక వాతావరణానికి అలవాటుపడిన జీవి చేతికి ఆ శక్తి వచ్చినట్టే కదా, అది రైతుకు లాభమే అని నాకు అనిపిస్తోంది. ఇందులో పొరపాటు ఉంటే దయచేసి వివరించండి.

జవాబు – వేరుకేశం

ముందుగా ఒక మాట. ఆకుపచ్చ బుడిపెలనూ తెల్ల బుడిపెలనూ ఒకే గాటన కట్టకండి. కాయ దశలో బుడిపెకు గులాబీ రంగునిచ్చే, ఆక్సిజన్‌ను పట్టుకునే లెగ్‌హీమోగ్లోబిన్ ప్రొటీన్ విచ్ఛిన్నమై, అప్పటిదాకా గులాబీ రంగులో పనిచేసిన బుడిపె ఆకుపచ్చగా మారడం సహజం, అది ముసలితనం. అసలు గులాబీ రంగే ఎక్కని చిన్న తెల్ల బుడిపెల విషయంలోనే మీ సందేహం నిలుస్తుంది.

బుడిపె కట్టడానికీ నత్రజని స్థాపనకూ కావలసిన జన్యువులు వేరు, అవి పనిలోకి దిగే సమయమూ వేరు. లూసర్న్ గడ్డితో సహజీవనం చేసే సైనోరైజోబియం మెలిలోటి మీద అన్నిటికన్నా లోతైన పరిశోధన జరిగింది కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. మొక్క వేరు ల్యూటియోలిన్ వంటి ఫ్లేవనాయిడ్లను (సంకేత రసాయనాలను) విడుదల చేస్తే, బ్యాక్టీరియాలోని నాడ్-డి ప్రొటీన్ వాటిని గుర్తించి బుడిపె కట్టించే మిగిలిన నాడ్ జన్యువులను మేల్కొలుపుతుంది. నాడ్-సి కైటిన్ వంటి పొట్టి గొలుసును అల్లుతుంది, నాడ్-బి దాని చివర ఉన్న ఎసిటైల్ సమూహాన్ని తొలగిస్తుంది, ఆ ఖాళీలో నాడ్-ఎ ఒక కొవ్వు ఆమ్లాన్ని అతికిస్తుంది. ఇదే నాడ్ ఫ్యాక్టర్. దీని నిర్మాణం 1990లో తేలింది. లూసర్న్ దీన్ని తనదిగా గుర్తించాలంటే పైన ఒక సల్ఫేట్ సమూహం కూడా ఉండాలి. మూలకేశం వంకర తిరగడం, వేరు లోపలి కణాలు విభజన చెందడం ఈ సంకేతంతోనే మొదలవుతాయి.

గమనించవలసినది ఏమిటంటే, ఇంతవరకూ నత్రజని ప్రస్తావనే రాలేదు. బ్యాక్టీరియా మొక్క కణంలోకి చేరి బ్యాక్టీరాయిడ్‌గా (నత్రజని స్థాపించే రూపంగా) మారి, చుట్టూ ఆక్సిజన్ బాగా తగ్గిన తరువాతనే ఫిక్స్-ఎల్, ఫిక్స్-జె అనే ప్రొటీన్ల జంట ఆ తగ్గుదలను పసిగట్టి నిఫ్-ఎ నియంత్రకాన్ని కదిలిస్తుంది. అప్పుడు నిఫ్-హెచ్, నిఫ్-డి, నిఫ్-కె జన్యువుల నుంచి నత్రజనిని స్థాపించే ఎంజైమ్ నైట్రోజినేజ్ తయారవుతుంది. ఆక్సిజన్ తగిలితే ఆ ఎంజైమ్ చెడిపోతుంది, కానీ దానికి కావలసిన శక్తి ఆక్సిజన్‌తో జరిగే శ్వాసక్రియ నుంచే రావాలి; లెగ్‌హీమోగ్లోబిన్ ఈ చిక్కును తీరుస్తుంది. నిఫ్ జన్యువులు పనిచేయని ఉత్పరివర్తితాలు (జన్యువు మారిన రకాలు) బుడిపెలు కట్టిస్తాయి, నత్రజని మాత్రం ఇవ్వవు. కాబట్టి బుడిపె ఉందంటే నాడ్ సంకేతాన్ని మొక్క అంగీకరించిందని మాత్రమే అర్థం.

జవాబు – మట్టిజీవి

మీ రెండో ప్రశ్నకు పొలంలోనే సమాధానం దొరికిన సందర్భాలు ఉన్నాయి.

న్యూజిలాండ్‌లో లోటస్ కార్నిక్యులేటస్ అనే పశుగ్రాసాన్ని, దానికి తగిన రైజోబియం లేని నేలలో, ఒకే ఒక మీసోరైజోబియం (రైజోబియాలలో ఒక ప్రజాతి) రకాన్ని పట్టించి విత్తారు. ఏడేళ్ల తరువాత బుడిపెలలో చూస్తే క్రోమోజోమ్ పరంగా ఒకదానికొకటి పోలికలేని రకరకాల బ్యాక్టీరియా కనిపించాయి, కానీ వాటన్నిటిలోని సహజీవన జన్యువులు మొదట చల్లిన రకానివే. 1995లో ఈ సంగతి వెల్లడైంది. దాదాపు 500 కిలోబేసుల (అంటే ఐదు లక్షల డీఎన్ఏ అక్షరాల) పొడవున్న డీఎన్ఏ ఖండం ఒకటి అంతకుముందు సహజీవనమే చేయని నేల బ్యాక్టీరియాలోకి చేరి, ఫినైలాలనీన్ టీఆర్ఎన్ఏ జన్యువు దగ్గర అతుక్కుంటోందని 1998లో తేలింది. ‘సహజీవన ద్వీపం’ అన్న పేరు అక్కడినుంచే వచ్చింది.

మీరు ఆశించినట్టు అది అన్నిచోట్లా లాభంగా ముగియలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో బిసెరులా అనే మధ్యధరా ప్రాంతపు లెగ్యూమ్‌ను (పప్పుజాతి మొక్కను) దాని రైజోబియంతో ప్రవేశపెట్టిన ఆరేళ్లకే, ద్వీపాన్ని అందుకున్న స్థానిక మీసోరైజోబియాలు బుడిపెలలో దొరికాయి. వాటిలో కొన్ని నత్రజనిని చాలా తక్కువగా స్థాపించాయి, కొన్ని అసలే స్థాపించలేదు. జన్యువులు చేరాయి, బుడిపెలూ కట్టాయి, మొక్కకు దక్కింది మాత్రం స్వల్పం.

దీనికి కారణం ద్వీపం బయట ఉంటుందని నా అభిప్రాయం. లోపలికి వచ్చిన బ్యాక్టీరియా మీద లూసర్న్ జాతి మొక్కలు ఎన్‌సీఆర్ పెప్టైడ్లనే చిన్న ప్రొటీన్లను ప్రయోగిస్తాయి. సైనోరైజోబియం వాటిని తట్టుకోవడానికి క్రోమోజోమ్ మీది బ్యాక్-ఎ జన్యువు అవసరం. మీ శనగ కూడా ఈ పెప్టైడ్లను తయారుచేసే వర్గంలోదే. వలస వచ్చిన జన్యువులను ఇముడ్చుకునే క్రోమోజోమ్ అందుకు సిద్ధంగా లేకపోతే సహజీవనం సగంలోనే ఆగిపోతుంది. టమాటా, వంగ మొక్కల్లో ఎండు తెగులు కలిగించే రాల్‌స్టోనియాలో, అత్తిపత్తితో సహజీవనం చేసే బ్యాక్టీరియా ప్లాస్మిడ్‌ను పెట్టి ఫ్రాన్స్‌లో చేసిన ప్రయోగం (2010) ఇందుకు బలమైన ఆధారం. మొదట బుడిపెలే రాలేదు. రాల్‌స్టోనియా సొంత వ్యాధికారక జన్యువుల్లో మార్పు వచ్చిన తరువాతనే అత్తిపత్తి వేళ్లకు బుడిపెలు కట్టాయి, మరికొన్ని మార్పులతో కణాల లోపలికీ ప్రవేశం దొరికింది, అయినా నత్రజని స్థాపన జరగలేదు.

ప్రశ్న అడిగినవారు – నల్లరేగడి

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే మా చేలోని తెల్ల బుడిపెలు ఇలా జన్యువులు అందుకున్న బ్యాక్టీరియావేనని అనుకోవచ్చా?

జవాబు – వేరుకేశం

అనుకోకూడదండి, పరీక్షించాలి. మొదట సామాన్యమైన కారణాలను తోసిపుచ్చండి. నేలలో నైట్రేట్ ఎక్కువగా ఉంటే మొక్క తానే బుడిపెల ఎదుగుదలను అణచివేస్తుంది, బెట్ట తగిలినా స్థాపన తగ్గుతుంది. మన నేలల్లో శనగకు బుడిపెలు కట్టే స్థానిక మీసోరైజోబియాలు ముందే ఉండవచ్చు, వాటిలో సమర్థమైనవీ కానివీ కలిసి ఉంటాయి. కల్చర్ బ్యాక్టీరియా వాటితో పోటీపడి ఓడినా ఫలితం ఇలాగే కనిపిస్తుంది.

ప్రయోగశాల అవకాశం ఉంటే గులాబీ బుడిపెలనూ తెల్ల బుడిపెలనూ విడివిడిగా తీసుకుని బ్యాక్టీరియాను వేరుచేయండి. ఇక్కడ చాలామంది నాడ్-సి జన్యువు డీఎన్ఏ క్రమాన్ని మాత్రమే చదివి, అది కల్చర్‌తో సరిపోలగానే కల్చర్ నిలదొక్కుకుందని రాసేస్తారు. మట్టిజీవి గారు చెప్పిన న్యూజిలాండ్ పొలంలో అలా చూసి ఉంటే ఏడేళ్లూ ఒకే రకం రాజ్యమేలిందని తేలేది. నాడ్-సితో పాటు రెక్-ఎ వంటి క్రోమోజోమ్ జన్యువులనూ చదవండి. రెండూ కల్చర్‌తో కలిస్తే అది మీరు పట్టించిన రకమే కావచ్చు. నాడ్-సి కలిసి క్రోమోజోమ్ కలవకపోతే జన్యు బదిలీని అనుమానించండి. రెండూ కలవకపోతే అది స్థానిక రకం. ఆ తరువాత ఒక్కో రకాన్నీ నత్రజని లేని ఇసుక కుండీల్లో శనగకు పట్టించి, అసలేమీ పట్టించని మొక్కలతోనూ నత్రజని ఎరువు ఇచ్చిన మొక్కలతోనూ పోల్చి పొడిబరువు తూచండి. తెల్ల బుడిపెల రకం ఏమీ పట్టించని మొక్కలంత బరువే ఇస్తే, లోపం ఆ బ్యాక్టీరియాలోనే ఉన్నట్టు. కుండీలో అదే రకం గులాబీ బుడిపెలు కట్టి మొక్కను పచ్చగా పెంచితే, కారణాన్ని మీ పొలం పరిస్థితుల్లో వెతకాలి.